తల్లుల గదికి వెళ్ళే వైరు

మా ఊరి కతోలిక విచారణ గుడిలో టైలరమ్మ చెయ్యి పడని గుడ్డంటూ లేదు. బలిపీఠం మీద పరిచే తెల్లబట్టకి అంచు కుట్టింది ఆవిడే. ఫాదరుగారు పూజకి వేసుకునే పచ్చ, ఎరుపు, ఊదారంగు వస్త్రాలు ఆవిడ కత్తిరించినవే. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తన పెట్టెకి వేలాడే ముదురు రంగు తెర, సత్ప్రసాదం ఉంచే మందసం ముందు చిన్న పట్టు తెర, జ్ఞానస్నానం నాడు పసివాళ్ళ మీద కప్పే గుడ్డ, అన్నీ ఆవిడ మిషను మీద నుంచి వచ్చినవే. ఆవిడ మాత్రం పందొమ్మిదేళ్ళుగా ఆ గుడిలో అద్దం వెనకే కూర్చుంటోంది. ఆవిడ పక్కన నేనూ పదహారు నెలలు కూర్చున్నాను, అందుకే ఇదంతా నాకు తెలుసు. పదహారు నెలలు కాగానే లేచి వచ్చేశాను, అందుకే ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆవిడ భర్తని అందరూ మైకాయన అంటారు. పాడైన ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేస్తాడు, సభలకి మైకుసెట్లు అద్దెకిస్తాడు. రోడ్డు వైపు గదిలో ఆయన షాపు, వెనక గదిలో ఈవిడ కుట్టు మిషను, ఆ వెనక వంటిల్లు. ఇంట్లో ఎప్పుడూ కాలిన సీసం వాసన, ఇస్త్రీ చేసిన గుడ్డ వాసన కలిసి ఉండేవి. గుడిలో మైకుల బాధ్యతంతా ఆయనదే. అంతకుమించి, ఆయన గాయకుడు. పెద్ద తలుపు పైన, చెక్క మెట్లెక్కి వెళ్ళే గాయకుల అటక మీద నిలబడి ఆయన పాట ఎత్తుకుంటే, కింద కబుర్లాడుకునేవాళ్ళు కూడా నోరు మూసుకునేవారు. పెళ్ళిచూపుల్లో ఆయన ముఖం సరిగా చూడలేదని, అంతకు ముందు ఆదివారం విన్న గొంతునే పెళ్ళాడానని టైలరమ్మ ఒకసారి నవ్వుతూ చెప్పింది.

పెళ్ళయిన మూడేళ్ళకి ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమైంది, బిడ్డ చాలాసేపటికి గాని ఏడవలేదు. నెల తిరక్కుండా జ్ఞానస్నానం ఇప్పించారు. మా గుడిలో జ్ఞానస్నానపు తొట్టి తలుపు పక్కనే ఉంటుంది. లోపలికి వచ్చే దారి అదేనని అందరికీ గుర్తుండటానికి అలా కట్టారట. అప్పటి ముసలి ఫాదరుగారు బిడ్డ తల తుడుస్తూ, "ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో నీకూ ఒక చోటుందే తల్లీ" అన్నారు. ఆ మాట టైలరమ్మ గట్టిగా పట్టుకుంది.

చేతులు టపటపలాడిస్తుందని తండ్రి ముద్దుగా పిచ్చుక అని పిలిచేవాడు. రెండో ఏడు దాటినా పిల్లకి మాట రాలేదు, నడక ఆలస్యమైంది. పుట్టినప్పుడు గాలి అందక మెదడు దెబ్బతిందని, వయసు పెరుగుతుంది గాని తెలివి పెరగదని డాక్టర్లు తేల్చేశారు. వీధిలో పిల్లలు పిచ్చుక అన్న పేరుని కొరికి సగమే పలకడం మొదలుపెట్టాక, తల్లి ఆ పేరు మానేసి అమ్మడు అని పిలవసాగింది. తండ్రి ఆ పేరూ మానేశాడు, మరే పేరుతోనూ పిలవలేదు.

అమ్మడికి ఉన్నది ఒక్కటే కూత. లోపలెక్కడి నుంచో బయల్దేరి గుడి కప్పుకి తగిలేటంత పొడుగాటి కూత. అది ఊరికే వచ్చేది కాదు. పూజలో తండ్రి పాట ఎత్తుకోగానే తల పైకెత్తి, చేతులు ఆడించి, ఆయన ఊపిరి తీసుకునే సందులో గొంతెత్తేది. ఆయన మళ్ళీ అందుకుంటే నోరు మూసుకుని వినేది. చంకపిల్లగా ఉన్నప్పుడు జనం ముచ్చటపడ్డారు. నాలుగేళ్ళు వచ్చేసరికి తలలు వెనక్కి తిరగడం మొదలైంది. ఐదో ఏడు వచ్చేసరికి ఆ బెంచీకి ముందూ వెనకా ఖాళీలు కనబడ్డాయి.

ఆ ఏడే గుడి కమిటీ, పీఠం పక్కన ఫాదర్లు వస్త్రాలు వేసుకునే గదిలో కూర్చుని ఒక నిర్ణయం చేసింది. అటక కింద, మడత కుర్చీలు, చెయ్యి విరిగిన స్వరూపాలు పడేసే మూల ఒకటుండేది. దాన్ని ఖాళీచేసి, ముందు వైపు మందపాటి అద్దం బిగించి, "చంటిపిల్లల తల్లుల సౌకర్యార్థం" గది కట్టించాలని. కమిటీలో ఏడుగురున్నారు. మైకుల బాధ్యత చూస్తాడు గనక మైకాయన ఏడోవాడు. గది ఎవరి కోసమో ఆ ఏడుగురికీ తెలుసు. ఒక్కడూ పైకి అనలేదు. ఆయన ఇంటికొచ్చి భార్యతో, "అద్దం పెడుతున్నారు, ఫ్యాను పెడుతున్నారు, స్పీకరు నేనే బిగిస్తాను. మహారాణిలా కూర్చోవచ్చు నువ్వు" అన్నాడు.

మహారాణి గది ఎనిమిదడుగుల వెడల్పు. రెండు బెంచీలు, ఉచ్చగుడ్డల వాసన. పైన అటక ఉండటం వల్ల కప్పు నెత్తికి తగిలేలా ఉండేది. అక్కణ్ణించి చూస్తే ఫాదరుగారు అగ్గిపుల్లంత. సత్ప్రసాదం గుడిలో అందరికీ పంచాక, చివర్లో ఒక సిస్టరు గిన్నె పట్టుకుని వచ్చి తలుపు తీసేది, పెట్టగానే మూసేది. "తలుపు తీసినంతసేపే గుడి వాసన వచ్చేది" అనేది టైలరమ్మ.

మొదట్లో ఆవిడ అంత బాధపడలేదు. గోడకి బిగించిన స్పీకరు పెట్టెలోంచి అన్నీ స్పష్టంగా వినబడేవి. తండ్రి పాట రాగానే అమ్మడు బెంచీ ఎక్కి, ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, ఎప్పటిలాగే సందు చూసి జవాబిచ్చేది. చంటివాళ్ళు ఉలిక్కిపడి లేచినా ఆ గదిలో ఎవరూ కసరలేదు. అక్కడ అందరి పిల్లలూ ఏడ్చేవాళ్ళే కదా.

అలా ఆరేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం స్పీకరు మూగబోయింది. ఇంటికెళ్ళి అడిగితే ఆయన, "లైను మీద లోడు ఎక్కువైపోయింది. ఆ పెట్టె తగిలిస్తే పీఠం దగ్గర మైకు కూస్తోంది. చూద్దాంలే" అన్నాడు. తర్వాత అడిగినప్పుడు, "కొత్త ఆంప్లిఫయరు కొంటేగాని కుదరదు, కమిటీకి చెప్పాను" అన్నాడు. ఆవిడ నమ్మింది. "నేను గుడ్డ చాలదంటే ఆయన చాలుతుందంటాడా? ఎవరి పని వాళ్ళకి తెలుస్తుంది" అనుకుంది. ఇంట్లో ఆయన అంతకు ముందే పాడటం మానేశాడు. సాధన చేస్తుంటే పిల్ల అందుకుంటోందని, శనివారాలు అటక మీదికి వెళ్ళి చేసుకునేవాడు. ఇంట్లో నోరు విప్పితే రిపేర్ల మాటలే.

నేను మా పెద్దవాణ్ణి ఎత్తుకుని ఆ గదిలోకి వెళ్ళేసరికి స్పీకరు పోయి మూడేళ్ళయింది. అమ్మడికి పద్నాలుగేళ్ళు. తల్లి కంటే ఎత్తు. ఒళ్ళో గుండీల డబ్బా పెట్టుకుని, ఒక్కో గుండీ తీసి అద్దానికి ఆనించి చూసేది. అప్పటికే ఆ పిల్ల కూత ఆగిపోయింది. ఎప్పుడాగిందో తల్లికే సరిగా గుర్తులేదు.

వినబడని పూజని ఎలా వినాలో నాకు నేర్పింది టైలరమ్మే. "లెయ్యి, సువార్త" అనేది.

"నీకెలా తెలిసిందక్కా?"

"పీఠం దగ్గరి పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని కుడివైపుకి కదిలారు చూడు."

ఫాదరుగారి భుజాలు చూసి ప్రసంగం ఇంకెంతసేపో చెప్పేది. "ఇవాళ కోపంగా ఉన్నారు. జుబ్బా చేతులు పైకి తోసుకుంటున్నారు. నేను కొలత తక్కువ పెట్టాననుకుంటారో ఏమో జనం" అని నవ్వించేది. మా వాడికి రెండేళ్ళు నిండి కుదురుగా కూర్చోవడం వచ్చాక, "వస్తూ పోతూ ఉంటానక్కా" అని చెప్పి నేను మధ్య బెంచీలకి వెళ్ళిపోయాను. వెళ్ళినదాన్ని వెళ్ళినట్టే ఉన్నాను. అంతకు ముందు ఎందరు తల్లులు ఆ మాటే చెప్పి వెళ్ళారో ఆవిడ లెక్కపెట్టుకోలేదు. నా ముఖం చూసి, "వెళ్ళిరా అమ్మా, పాట దగ్గరగా వినొచ్చు" అంది.

ఇంకో నాలుగేళ్ళకి గాయకులందరికీ ఒకే రంగు అంగీలు కుట్టించాలని ఎవరికో బుద్ధి పుట్టింది. కొలతలు తీయడానికి టైలరమ్మ అటక ఎక్కాల్సి వచ్చింది. శనివారం సాయంత్రం సాధన వేళకి రమ్మన్నారు. ఆ రోజు మైకాయన ఏదో సభకి సెట్టు తీసుకెళ్ళి ఇంకా రాలేదు. అమ్మణ్ణి చూడటానికి మనిషి కావాలని ఆవిడ నన్ను పిలిచింది. గాజు గదిలో పిల్ల పక్కన నేను కూర్చున్నాను, ఆవిడ మెడలో టేపు వేసుకుని మెట్లెక్కింది.

పది మంది కొలతలు రాసుకుని, వెనక్కి తిరగబోతూ గోడకున్న చెక్కపలక చూసిందట. ఆంప్లిఫయరు నుంచి వచ్చే వైర్లన్నీ ఆ పలక మీద వరసగా బిగించి ఉన్నాయి. ఒక్కోదానికీ భర్త చేతి రాతతో కాగితం ముక్క. పీఠం. పఠన వేదిక. ఎడమ స్తంభాలు. కుడి స్తంభాలు. వసారా. చివర తల్లుల గది. మిగతా వైర్లన్నీ స్క్రూల కింద బిగించి ఉన్నాయి. ఆ చివరిది మాత్రం పటకారుతో శుభ్రంగా కత్తిరించి ఉంది. కొస బయటికి కనబడకుండా నల్లటేపు మూడు చుట్లు చుట్టి, వైరుని వెనక్కి మడిచి మేకుకి కట్టి ఉంది.

అక్కడున్న హార్మోనియం వాయించే ఆయన్ని అడిగింది, "ఇది తెగిపోయిందా అన్నయ్యా?"

ఆయన నీళ్ళు నమిలాడు. "మీకు తెలుసనుకున్నామమ్మా. పాట మధ్యలో కింద నుంచి పాప గొంతు వచ్చేస్తోందని, వినబడకపోతే ఊరుకుంటుందని... ఆయనే..."

ఆవిడ కిందికి వచ్చేసరికి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఒంట్లో బాగాలేదేమోనని నేను చెయ్యి పట్టుకున్నాను. "కొలతలు తప్పు రాసుకున్నానేమో, ఇంటికెళ్ళి చూసుకోవాలి" అని పిల్లని లేపుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంట్లో జరిగింది చాలా రోజులకి ఆవిడే నాకు చెప్పింది.

ఆయన వచ్చి చేతులు కడుక్కుంటుంటే అడిగిందట, "తల్లుల గది వైరు ఎవరు కోశారు?"

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, తడి ఆరిపోయాక కూడా. చివరికి, "అది అరుస్తోంటే నా పాట తెగిపోతోంది. జనం నన్ను చూస్తున్నారు. పైన నిలబడినవాడికి తెలుస్తుంది ఆ చూపు, కింద కూర్చున్న నీకేం తెలుస్తుంది?" అన్నాడు.

"అరిచింది కాదండీ. మీకు పలికింది. ఈ లోకంలో అది పలికింది మీ ఒక్కరికే. నేను పిలిస్తే కూడా పలకదు."

ఆయన తువ్వాలు మడిచి దండెం మీద వేశాడు.

"ఎనిమిదేళ్ళు లోడు అన్నారు, లైను అన్నారు. నేను గంగిరెద్దులా తలూపాను. కమిటీలో కూడా మీరే చెయ్యెత్తి ఉంటారు."

"అందరూ ఎత్తారు."

"వాళ్ళకి అది ఎవరో బిడ్డ. నీకు?"

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. ఆ మాట ఇద్దరికీ వినబడింది. తర్వాత ఆవిడ పిల్లని తెచ్చి ఆయన ఎదురుగా కూర్చోబెట్టి, "పాడు. ఇప్పుడు పాడు" అంది. ఆయన ముందు తల అడ్డంగా తిప్పాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఒకప్పుడు పిల్ల ఎగిరెగిరి జవాబిచ్చిన పాట పాడాడు. మొదటి చరణం, రెండో చరణం. సందు వచ్చినచోటల్లా ఆగాడు. అమ్మడు గుండీల డబ్బాలోంచి ఒక తెల్ల గుండీ తీసి దీపం వెలుగుకి పెట్టి చూసుకుంటోంది. తల ఎత్తలేదు. మూడో చరణం ఆయన పాడలేకపోయాడు.

మర్నాడు పూజయ్యాక టైలరమ్మ ఫాదరుగారి దగ్గరికి వెళ్ళింది. అప్పటికి వచ్చినాయన కుర్రవాడు, మంచివాడు. గుడిలో ఏ చోటు దేనికోసమో ఆ నెలంతా ప్రసంగాల్లో వివరిస్తున్నారు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ నోట ఆవిడ అవి విన్నది.

"ఫాదర్, తొట్టి లోపలికి రావడానికన్నారు. బెంచీలు జనానికి, పీఠం బలికి, పెట్టె పాపాలు ఒప్పుకోవడానికి, మందసం దేవుడికి. మా గది దేనికి ఫాదర్?"

"అదీ గుడిలో భాగమేనమ్మా. మీ సౌకర్యం కోసం..."

"భాగమైతే ఒక్క ఆదివారం కమిటీవాళ్ళని అక్కడ కూర్చోమనండి."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "వచ్చే ఆదివారం పాపని తీసుకుని మొదటి బెంచీలో కూర్చోండి. ఎవరేమన్నా నేను చూసుకుంటాను" అన్నారు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారే ఇచ్చాడు. ఆవిడ వారమంతా కూర్చుని అమ్మడికి కొత్త గౌను కుట్టింది. ఆదివారం పెందలాడే వచ్చి, మధ్య దారి వెంట పిల్ల చెయ్యి పట్టుకుని ముందుకి నడిచింది. మేమంతా చూశాం. కొందరు జరిగి చోటిచ్చారు కూడా. గుడి సగం దాటేవరకు అమ్మడు బాగానే నడిచింది. అక్కడ ఆగి పైకి చూసింది. పైన ఆ ఎత్తు కప్పు, చుట్టూ మనుషులు, నాలుగు వైపులా స్తంభాల మీద స్పీకర్ల మోత. పద్నాలుగేళ్ళుగా పిల్ల ఎరిగింది నెత్తికి తగిలే కప్పు, ఎదురుగా అద్దం. తల్లి చెయ్యి విదిలించుకుని, నేల మీద కూలబడి, చెవులు మూసుకుంది. గొంతులోంచి వచ్చిన చప్పుడు పాత కూత కాదు. దెబ్బ తిన్న కుక్కపిల్ల మూలుగులా ఉంది. తల్లి బుజ్జగించింది, బతిమాలింది, ఒళ్ళోకి లాక్కుంది. పిల్ల పాకుతూ, కొత్త గౌను నేలకి రాసుకుంటూ, వెనక మూలకి వెళ్ళి గాజు తలుపు గోకింది.

ఎవరో తలుపు తీశారు. లోపలికి వెళ్ళి తన బెంచీ మీద కూర్చోగానే అమ్మడు నెమ్మదించింది. టైలరమ్మ గుమ్మంలో నిలబడి ఒకసారి పీఠం వైపు, ఒకసారి పిల్ల వైపు చూసింది. లోపలికి వెళ్ళి తానే తలుపు వేసుకుంది. పైన పాట ఆగలేదు. హార్మోనియం ఆయన తర్వాత నాతో అన్నాడు, ఆ రోజు మైకాయన కళ్ళు మూసుకుని పాడాడట.

నా వెనక కూర్చున్నావిడ, "అందుకే పెద్దలు ఆలోచించి కట్టారు ఆ గది" అంది. నాకు లేచి వెళ్ళి ఆ గదిలో కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు.

ఆ వారంలోనే, ఎవరూ చెప్పకుండానే మైకాయన వైరు అతికించాడు. కొత్త ఆంప్లిఫయరు ఏమీ కొనలేదు. ఆదివారం గాజు గదిలో స్పీకరు గరగరలాడి పలికింది. చంటిపిల్లల తల్లులు సంతోషించారు. అమ్మడు ఆ పెట్టె వైపు చూడలేదు. పూజ చివర ప్రకటనల్లో కమిటీ పెద్ద మైకు దగ్గరికి వచ్చి, తల్లుల గదిలో ఎన్నాళ్ళుగానో పనిచేయని స్పీకరుని శ్రమ తీసుకుని ఉచితంగా బాగుచేసినందుకు మైకాయనకి విచారణ తరఫున కృతజ్ఞతలు చెప్పాడు. గుడంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు గాజు గదిలోకి స్పీకరు ద్వారా స్పష్టంగా వచ్చాయి.

టైలరమ్మ పక్కన కూర్చున్న కొత్త తల్లి, ఒళ్ళో బిడ్డ చేతులు పట్టుకుని తనూ చప్పట్లు కొట్టించి, "మీ ఆయనెంత మంచివారండీ" అంది.

"అవునమ్మా," అంది టైలరమ్మ, "వైరు పనిలో ఆయన చెయ్యి పెట్టారంటే, ఎక్కడ కోశారో ఎక్కడ అతికించారో తెలీదు."

ఇది జరిగి ఐదేళ్ళయింది. గాయకుల అంగీలు ఆవిడ కుట్టి ఇచ్చేసింది, ఒప్పుకున్న పని గనక. ఆ తర్వాత గుడికి గుడ్డ ముక్క కుట్టలేదు. అడగడానికి వెళ్ళినవాళ్ళతో కళ్ళు ఆనడం లేదంది. ఊళ్ళోవాళ్ళ జాకెట్లు, స్కూలు యూనిఫారాలు మాత్రం కుడుతూనే ఉంది. ఇంట్లో ఇద్దరూ ఒకప్పుడు ఒకే పళ్ళెంలో అన్నంలా అన్నీ పంచుకుని బతికినవాళ్ళు, ఇప్పుడు అవసరమైనంతే మాట్లాడుకుంటారు. ఆవిడ మళ్ళీ ఆయన్ని 'మీరు' అనే అంటోంది, కరెంటు బిల్లు కట్టించుకునే గుమాస్తాని అన్నట్టు. ఆయన గొంతు ఇంకా బాగుంది. పాట ఎత్తుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, అలా జలదరించినందుకు నా మీద నాకే కోపం వస్తుంది.

పోయిన నెల మా చిన్నదానికి దగ్గు పట్టుకుంటే ఎత్తుకుని ఆ గదిలోకి వెళ్ళాను. టైలరమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. అమ్మడికి ఇరవై నాలుగేళ్ళు, అప్పుడే జుట్టులో అక్కడక్కడా తెలుపు. తండ్రి పాట మొదలైంది. టైలరమ్మ లేచి, స్పీకరు కింద ఉన్న మీట పట్టుకుని పూర్తిగా తగ్గించేసింది.

"పిల్లకి ఇబ్బందా అక్కా?" అన్నాను.

"దానికేం ఇబ్బంది లేదమ్మా," అంది. "నాకే."